‘కుటుంబ నియంత్రణ’ - ఎవరి నియంత్రణ?

తెలుగులో స్త్రీని కర్తగా పెట్టి, ముందు ఏ విశేషణమూ లేకుండా ‘ఆపరేషన్’ అని రాస్తే దానికి ఒకటే అర్థం. “రెండో కాన్పు కాగానే ఆపరేషన్ చేయించుకుంది” అని కథలో చదివితే ఏ పాఠకుడూ “ఏం ఆపరేషన్?” అని అడగడు. గుండెకైతే గుండె ఆపరేషన్ అంటాం, కంటికైతే కంటి ఆపరేషన్ అంటాం. సిజేరియన్‌నో గర్భసంచి తీసెయ్యడాన్నో చెప్పాలంటే ‘పెద్దాపరేషన్’ అంటారు. మగవాడి సంగతైతే ‘వేసెక్టమీ’ అని పేరు పెట్టి చెప్పాల్సిందే. ఉత్తినే “అతను ఆపరేషన్ చేయించుకున్నాడు” అంటే ఏ హెర్నియానో అనుకుంటారు. నా మిత్రుడొకడు ఒక తెలుగు కథను ఇంగ్లీషులోకి మార్చి, పై వాక్యాన్ని ఉన్నదున్నట్టు అనువదించి పంపాడు. ఆమె జబ్బేమిటో కథలో ఎక్కడా చెప్పలేదే అని అవతలివాళ్ళు అడిగారట.

అడగడంలో తప్పేమీ లేదు. విశేషణం అక్కర్లేని స్థితికి ఒక మాట ఊరికే చేరదు. 2019-21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ లోపు వివాహిత స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం, తెలంగాణలో దాదాపు 62 శాతం మంది ఈ ఆపరేషన్ అయినవాళ్ళు. దేశం మొత్తం మీద ఆ లెక్క 38 శాతం దాకా ఉంది. పురుషుల వేసెక్టమీ దేశం మొత్తం మీద నూటికి ఒకటి కూడా లేదు. మాత్రలు, లూప్, కాపర్-టి, నిరోధ్ అన్నీ కలిపినా తెలుగునాట ఈ ఒక్క ఆపరేషన్‌కు దరిదాపుల్లోకి రావు. అంటే మనవైపు సంతాన నిరోధమంటే ఆచరణలో ఒకే ఒక పద్ధతి. ఆ పద్ధతి ఒకే ఒక శరీరం మీద. వాడుక భాష ఈ సంగతిని సర్వేల కంటే ముందే పసిగట్టి, విశేషణాన్ని వదిలేసింది.

ఇది జనం పెట్టుకున్న పేరు. సర్కారు పెట్టిన పేరు వేరు: ‘కుటుంబ నియంత్రణ’. మన సాహిత్య విద్యార్థులు ఎన్నడూ ఆగి చూడని మాట ఇది. ఇంగ్లీషులో ‘ఫ్యామిలీ ప్లానింగ్’ అన్నదాన్ని హిందీవాళ్ళు ‘పరివార్ నియోజన్’ చేసుకున్నారు. కన్నడంలో ‘కుటుంబ యోజనె’, మలయాళంలో ‘కుటుంబాసూత్రణం’. ఈ మూడింటిలోనూ ప్లానింగ్ ప్లానింగ్‌గానే ఉంది, అంటే ఆలోచించి ఏర్పాటు చేసుకోవడం. తెలుగుకు వచ్చేసరికి అది నియంత్రణ అయింది. తమిళంలోనూ అంతే, ‘కుటుంబ కట్టుప్పాడు’ అంటారు. కట్టడి అన్నమాట. తెలుగులో ప్లానింగ్‌కు మాట కరువై ఇలా జరిగిందంటే ఒప్పుకోలేం. పంచవర్ష ప్రణాళికలకూ ప్రణాళికా సంఘానికీ ‘ప్రణాళిక’ అన్న మాట హాయిగా సరిపోయింది. ఉక్కు ఉత్పత్తికి ప్రణాళిక, బిడ్డల్ని కనడానికి నియంత్రణ!

‘నియంత్రణ’ పుట్టుక చూడండి. ‘యమ్’ ధాతువు నుంచి వచ్చిన కుటుంబం అది. యంత్రం, నియమం, సంయమం, నియంత అన్నీ దాని చుట్టాలే. సంస్కృతంలో ‘నియంత’ అంటే సారథి, పగ్గాలు చేతిలో పట్టుకున్నవాడు. తెలుగులో అదే మాట డిక్టేటర్‌కు స్థిరపడింది. కాబట్టి నియంత్రణ అన్నచోట పగ్గం ఒకటుంటుంది, పట్టుకునేవాడొకడుంటాడు, నోటికి కళ్ళెం తగిలించుకున్నది ఒకటుంటుంది. సంయమమైతే తనకు తాను చేసుకునేది. నియంత్రణ మరొకరు చేసేది. ఒకే ధాతువు, ఉపసర్గ మారేసరికి చెయ్యి మారింది.

ఇక సమాసంలోని పూర్వపదం. పాతతరం మగవాళ్ళు భార్య పేరు నోట పలకరు గనక ‘మా కుటుంబం’ అనేవారు. “కుటుంబానికి ఒంట్లో నలతగా ఉందండీ” అంటే ఇల్లాలికి జ్వరమొచ్చిందని. ఆ అర్థంలో తీసుకుంటే ‘కుటుంబ నియంత్రణ’ అన్న సమాసం విడిపోయే తీరు మరీ ముచ్చటగా ఉంటుంది. కుటుంబమును నియంత్రించుట! శాఖవారు ఆ అర్థంలో అనలేదు నిజమే. జరిగింది మాత్రం ఆ అర్థంలోనే. పెళ్ళికాని పిల్ల ఈ సమాసంలో ఎక్కడా ఇమడదు. ఆమెకు కుటుంబం లేదు గదా, నియంత్రించడానికి. 1971 నాటి గర్భస్రావ చట్టం కూడా గర్భనిరోధక సాధనం విఫలమైన సందర్భాన్ని ‘వివాహిత స్త్రీ, ఆమె భర్త’ అంటూనే వివరించింది. ఆ మాటలు ‘స్త్రీ, ఆమె భాగస్వామి’ అని మారడానికి 2021 దాకా పట్టింది.

ఇంగ్లీషు ‘బర్త్ కంట్రోల్’లోనూ నియంత్రణే ఉందిగదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంది. 1914లో అమెరికాలో మార్గరెట్ సాంగర్, ఆమె మిత్రులు ఆ మాటను వాడుకలోకి తెచ్చినప్పుడు ఆ కంట్రోల్ కనే మనిషి చేతిలో ఉండాలన్నది వాళ్ళ వాదం. సాంగర్ తర్వాత ‘మేలుజాతి’ సిద్ధాంతాల వాళ్ళతో కలిసి నడిచింది, ఆ మచ్చ వేరే సంగతి. అదే మాట కొద్దికాలానికి ‘పాపులేషన్ కంట్రోల్’గా మారింది. కంట్రోల్ స్త్రీ చేతిలోంచి ప్రభుత్వం చేతికి, నిధులిచ్చే సంస్థల చేతికి పోయింది. తెలుగులోకి ఈ మాట వచ్చిన దారి రెండోది.

ఈ తేడాను మనవాళ్ళు మొదటినుంచీ గుర్తించలేదని కాదు. పేదరికానికి కారణం పేదవాళ్ళు ఎక్కువగా పుట్టడమేనని 1798లో మాల్థస్ చెప్పిన సిద్ధాంతాన్ని మార్క్స్ తూర్పారబట్టాడు. 1913లో లెనిన్ నవ మాల్థూషియన్లను ఖండిస్తూ రాసిన చిన్న వ్యాసంలోనే, గర్భస్రావాన్నీ గర్భనిరోధ విజ్ఞాన ప్రచారాన్నీ శిక్షించే చట్టాలన్నీ బేషరతుగా రద్దు కావాలన్నాడు. రెండింటినీ కలగాపులగం చెయ్యొద్దన్నదే అక్కడి విషయం. మన పక్కన పెరియార్ 1930 ప్రాంతాల్లోనే ఇంకా సూటిగా తేల్చాడు. దేశ దారిద్ర్యం కోసమనో తల్లి ఆరోగ్యం కోసమనో ఇతరులు గర్భనిరోధం అడుగుతున్నారు, మనం స్త్రీ స్వేచ్ఛ కోసం అడుగుతున్నాం అన్నాడు. 1935 డిసెంబరులో సాంగర్ వార్ధా వచ్చి గాంధీతో వాదించినప్పుడు ఆయన బ్రహ్మచర్యం దగ్గరే ఆగిపోయాడు. అనీబిసెంట్ సంగతి మరీ చిత్రం. గర్భనిరోధం మీద పుస్తకం అచ్చువేసినందుకు 1877లో లండన్‌లో బ్రాడ్లాతో పాటు బోనెక్కి, ఆ కారణంగా కన్నకూతురి సంరక్షణ హక్కును సైతం పోగొట్టుకున్న మనిషి, దివ్యజ్ఞాన సమాజంలో చేరాక 1891లో ఆ విషయం మీద తాను రాసిన పుస్తకాన్ని తానే వెనక్కు తీసుకుంది. 1915లో మదనపల్లెలో కళాశాల పెట్టిన బిసెంట్‌నే మనం ఎరుగుదుం, బోనెక్కిన బిసెంట్‌ను ఎరుగం.

1952లో ప్రభుత్వ కార్యక్రమం మొదలైంది. 1965లో లూప్ వచ్చింది. 1968లో ‘నిరోధ్’ వచ్చింది, పదిహేను పైసలకు మూడు. టీపొడి, సబ్బులు అమ్మే కంపెనీల పంపిణీ బళ్ళమీదనే కిళ్ళీకొట్టుదాకా చేరింది. యోగానికి పతంజలి ఇచ్చిన నిర్వచనంలో ఉన్న మాట అది. ఆ పేరు గోడలమీదికెక్కాక నేను తరగతిలో ‘నిరోధించి’ అన్న క్రియ ఉన్న పద్యం చెబితే వెనకబెంచీలు కిసుక్కుమనేవి. తర్వాత ఎయిడ్స్ ప్రచారం ‘కండోమ్’ను తెచ్చాక గాని ‘నిరోధం’ మళ్ళీ మర్యాదస్తుల మాట కాలేదు.

ఆ రోజుల్లో వచ్చిన మాటల్లో నన్ను ఇప్పటికీ వెంటాడేది ‘కేసు’. 1976లో నేను హైస్కూల్లో ఉన్నాను. మా లెక్కల మాస్టారికి జీతం ఆగిపోయింది. ఆయన తేవలసిన కేసులు తేలేదు. కేసంటే మాకు తెలిసింది పోలీసు కేసు. మాస్టారు ఏం నేరం చేశారా అని మేం మాట్లాడుకున్నాం. కేసంటే మనిషి అని, ఆపరేషన్‌కు ఒప్పుకున్న మనిషి అని తర్వాత తెలిసింది. “ఈ నెల మీకెన్ని కేసులు?” “రెండు తెచ్చాను, ఇంకొకటి తక్కువైంది.” ఉపాధ్యాయులు, కరణాలు, గ్రామసేవకులు, నర్సులు అందరూ ఈ భాషే మాట్లాడారు. ఆ ఒక్క 1976-77 సంవత్సరంలో దేశంలో 82 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. వాటిలో దాదాపు 62 లక్షలు మగవాళ్ళవి. ఎమర్జెన్సీ కాలంలో ఈ ఆపరేషన్లకు సంబంధించి 1,774 మరణాలను షా కమిషన్ నివేదిక నమోదు చేసింది. 1977 ఎన్నికల్లో ఉత్తరాది దానికి జవాబు చెప్పింది. కొత్త ప్రభుత్వం శాఖ పేరులోంచి ప్లానింగ్ తీసేసి ‘కుటుంబ సంక్షేమం’ అని పెట్టింది. మరుసటి ఏడాది ఆపరేషన్లు పది లక్షలకు చేరలేదు.

పేరు మారింది, జనం నోట మారలేదు. ‘సంక్షేమం చేయించుకుంది’ అని ఎవరూ అనలేదు. మారింది ఇంకొకటి. మగవాడి జోలికి పోతే ఓట్లు పోతాయని పాలకులకు తెలిసింది గనక, కేసుల బరువంతా ఆడవాళ్ళ మీదికి జరిగింది. లక్ష్యాలు 1996 ఏప్రిల్ దాకా కాగితం మీదే ఉన్నాయి, ఆ తర్వాత కాగితం మీంచి పోయాయి. “మగాడికి కోస్తే బరువు మొయ్యలేడు, మడక పట్టలేడు” అనే మాట ఊళ్ళల్లో అప్పటినుంచీ చెలామణీలో ఉంది. ఆపరేషన్ అయిన ఒళ్ళుతో నెల తిరక్కుండా నాటుకు వంగే కూలిమనిషి ముందు ఆ మాట అనడానికి ఎవరికీ నోరు వెనకాడదు. వేసెక్టమీ పావుగంట పని, కడుపు తెరవక్కర్లేదు, ఆడవాళ్ళ ఆపరేషన్ కంటే ప్రమాదం తక్కువ. ఇది డాక్టర్లందరికీ తెలుసు.

ఇక మనకు, అంటే రాసేవాళ్ళకు ముఖ్యమైన భాగానికి వస్తాను. అది క్రియ.

తెలుగు క్రియ చాలా నిజాయితీ గలది. ‘చేసింది’ అంటే డాక్టరమ్మ. దానికి ప్రేరణార్థకం చేరిస్తే ‘చేయించింది’. అత్తగారు కావచ్చు, నర్సమ్మ కావచ్చు. దానికి ఆత్మార్థకమైన ‘కొను’ చేరిస్తే ‘చేయించుకుంది’; ఇప్పుడు నిర్ణయం ఆమెది. “ఆపరేషన్ అయింది” అంటే కర్త లేనే లేడు, వాన పడ్డట్టు, పొద్దు గుంకినట్టు అదే అయింది. “రెండో కాన్పులోనే చేసేశారు” అంటే కర్త బహువచనంలో గుంపై కూచున్నాడు. ఎవరా ‘వాళ్ళు’? ఆడవాళ్ళు మాట్లాడుకునేటప్పుడు వినండి. ఒకే మనిషి ఒకే సంగతి చెబుతూ మూడు క్రియలు వాడుతుంది. మా వీధిలో పూలమ్మే ఆమె ఒకసారి నా భార్యతో, “మా అత్త ఇంకొక మగపిల్లోడు కావాలని పట్టుబట్టింది వదినా. నేను పుట్టింటికి పోతున్నానని చెప్పి పోయి చేయించుకున్నా. ఆపరేషన్ అయినాక ఏమంటది?” అంది. ‘చేయించుకున్నా’ అన్నచోట ఆమె గొంతు పెరిగింది. ‘అయినాక’ అన్నచోట తగ్గింది. అత్తతో పోట్లాడేటప్పుడు కర్త కనబడకుండా పోవడం ఆమెకు లాభం.

అభ్యుదయ కథల్లో ఈ మనిషి సరిగా రాలేదని నా ఫిర్యాదు. రెండు మూసలు కనబడతాయి. ఒకటి, ప్రచార శాఖ కరపత్రం లాంటి కథ. అజ్ఞానంలో ఉన్న కూలి దంపతులు, వరసగా అయిదుగురు పిల్లలు, బోధించే టీచరు, చివర ఎర్రత్రికోణం. పేదరికానికి కారణం భూమి లేకపోవడమా బిడ్డలుండడమా అన్న ప్రశ్నను ఆ కథ పుట్టకముందే చంపేస్తుంది. రెండోది దానికి ఎదురుగా పుట్టింది. ఇందులో ఆపరేషన్ బల్లమీది స్త్రీ ఉత్త బాధితురాలు, రాజ్యం కత్తికి మేకపిల్ల. రాజకీయంగా ఇది మొదటిదానికంటే మెరుగే. కాని పూలమ్మే ఆమె దీనిలోనూ లేదు. ఆమెకు రాజ్యం మీద నమ్మకమేమీ లేదు, అయినా అత్తమీద, మొగుడి మీద, ఏడాదికో కాన్పు మీద గెలవడానికి దొరికిన ఒక్క ఆయుధం రాజ్యం ఇచ్చిందే. మాత్రలు ఇంట్లో దాచలేదు. కండోమ్ మొగుడు ఒప్పుకోవాలి. కాపర్-టి వేయించుకుంటే మళ్ళీ మళ్ళీ చూపించుకోవాలి. ఒక్కసారి పోయి ఒక్కసారి తేల్చుకుని వచ్చేది ఆపరేషన్ ఒక్కటే. అది ఎంపిక. తక్కిన తలుపులన్నీ మూసి పెట్టినచోట తెరిచి ఉన్న తలుపును ఎంచుకోవడం. ఈ రెండు వాక్యాల్నీ ఒకే పాత్రలో పట్టుకోగలిగితే కథ అవుతుంది.

కవిత్వం కొంత ముందుకు పోయింది. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ పేర్లు చూడండి. రెండూ ఆసుపత్రి ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఆ పేర్లను అచ్చతెలుగు చేయమని అడిగిన పండితులు నాకు తెలుసు. ‘ప్రసూతి గృహం’ అనగానే ఆ గదిలోని వాసనంతా పోతుంది. స్త్రీల నోట నలిగిన తెలుగు అదే. కాన్పుకూ గర్భస్రావానికీ దక్కిన కవిత్వం ఆపరేషన్‌కు దక్కలేదనే చెప్పాలి.

పత్రికలది ఇంకో వ్యాకరణం. ‘కు.ని. ఆపరేషన్’, ‘కు.ని. శిబిరం’ అని పొడి అక్షరాలు పుట్టించింది వాళ్ళే. శీర్షికలో చోటు కలిసొస్తుంది. పొడి అక్షరాల్లో కుటుంబమూ ఉండదు, నియంత్రణా ఉండదు, మనిషి ఎలాగూ ఉండదు. ఇంకా ఘోరం ‘వికటించి’ అన్న మాట. “కు.ని. ఆపరేషన్ వికటించి మహిళ మృతి.” పాలు విరిగినట్టు ఆపరేషన్ దానంతటది వికటించింది! 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే శిబిరంలో, కొన్ని గంటల్లో, ఒకే సర్జన్ 83 మందికి ఆపరేషన్లు చేశాడు. పన్నెండుమందికి పైగా చనిపోయారు. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్కరోజున 34 మందికి డి.పి.ఎల్. పద్ధతిలో చేశారు. నలుగురు చనిపోయారు. శిబిరాలను మూడేళ్ళలో ఆపెయ్యమని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పి ఉంది. ఇక్కడ వికటించింది ఆపరేషన్ కాదు. ఒక పూటలో ఇన్ని కావాలన్న లెక్క తనకు తగినట్టే పనిచేసింది.

ఆ లెక్క ఆపరేషన్‌తోనే ఆగలేదు. 1985లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ఆరోగ్యకేంద్రంలో నెట్-ఎన్ అనే సూదిమందును స్త్రీలమీద ప్రయోగిస్తుంటే స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు వెళ్ళి నిలదీశారు. పిల్లలు పుట్టకుండా ఇంజక్షన్ అని ఆ స్త్రీలకు చెప్పారు. అది ఇంకా పరీక్షలో ఉన్న మందని చెప్పలేదు. సంఘటన మరికొన్ని బృందాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ‘ఇంజక్షన్’ అన్న వాడుక మాట వెనక ‘ప్రయోగం’ అన్న మాట ఎలా దాక్కుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఇప్పుడు గాలి తిరిగింది. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు పంచాయతీ ఎన్నికల్లో పోటీ చెయ్యకూడదని 1994 ఆంధ్రప్రదేశ్ చట్టం అంది. సర్పంచి పదవి కోసం మూడో బిడ్డను దాచినవాళ్ళూ, దత్తత ఇచ్చినట్టు కాగితం రాయించినవాళ్ళూ పుట్టుకొచ్చారు. 1997లో జనాభా విధానం ప్రకటించి, దేశంలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రమని ఆంధ్రప్రదేశ్ అనిపించుకుంది. 2024 అక్టోబరులో, అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడే మళ్ళీ ముఖ్యమంత్రిగా, ఎక్కువమందిని కనమన్నారు. నవంబరులో ఆ చట్ట నిబంధన రద్దయింది. 2025 నాటికి ‘జనాభా నిర్వహణ’ అన్న కొత్తమాట ప్రకటనల్లోకొచ్చింది. వృద్ధులు పెరుగుతున్నారు, పనిచేసే చేతులు తగ్గుతున్నాయి, రేపు నియోజకవర్గాల పునర్విభజనలో దక్షిణాదికి సీట్లు తగ్గుతాయి - కారణాలు ఇవి. వీటిలో కొన్ని న్యాయమైన ఆందోళనలే. కాని నియంత్రణ పోయి నిర్వహణ వచ్చినా సమాసంలో కర్త ఖాళీగానే ఉంది. నియంత్రించేదీ తామే, నిర్వహించేదీ తామే. కనే మనిషి రెండింటిలోనూ కర్మ.

పాతికేళ్ళు నిండకముందే ఆపరేషన్ అయిపోయిన స్త్రీలున్న రాష్ట్రాల్లో ఈ కొత్త పిలుపు ఎవరికి వినబడాలి? ట్యూబులను తిరిగి కలిపే ఆపరేషన్ ఒకటుంది. 2004 సునామీలో బిడ్డల్ని పోగొట్టుకున్న నాగపట్నం తల్లులకు తమిళనాడు ప్రభుత్వం ఆ ఆపరేషన్ చేయించింది, అందరికీ ఫలించలేదు. డాక్టర్లు దాన్ని ‘రీకెనలైజేషన్’ అంటారు. మన ఆడవాళ్ళ నోట దానికి ఇంకా పేరు పుట్టలేదు. “మళ్ళీ కలిపిస్తారంట గదా, నిజమేనా?” అని అడుగుతారు, అంతే.